గింజయు పొల్లును

కళ్లములో ధాన్యము తూర్పారబట్టు రైతునకు రెండు భయములు. గాలి చాలనిచో పొల్లు రాశిలోనే నిలుచును. గాలి మితిమీరినచో పొల్లుతోబాటు గట్టి గింజయు కొట్టుకొనిపోవును. ఈమెయిల్ పెట్టెలోని చెత్తను వడపోయు యంత్రమునకును ఈ చిక్కే ఎదురగుచున్నది.

1978 మే 3వ తేదీన అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ టర్క్, తమ సంస్థ క్రొత్త కంప్యూటర్లను గూర్చి ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి జాబు పంపెను. ఎవరును కోరని ఆ ప్రకటనయే నేటి స్పామ్‌నకు ఆది యందురు. తపాలా జాబునకు బిళ్ల కొనవలెను. దీనికి ఆ వ్యయము లేదు. లక్షమందిలో ఒక్కడు లోబడినను పంపినవానికి లాభమే. కావుననే ఈ వరద ఆగదు.

మొదట "ఉచితము", "బహుమతి" వంటి మాటలున్న జాబులను త్రోసివేయు నియమములు పెట్టిరి. పంపువారు అక్షరములు మార్చి తప్పించుకొనిరి. బడిలో బహుమతి ప్రదానోత్సవమునకు పిలిచిన జాబు మాత్రము అట్టి నియమమునకు చిక్కును. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అను కంప్యూటర్ నిపుణుడు వేరొక మార్గమును వివరించెను. థామస్ బేయెస్ మరణానంతరము 1763లో ప్రకటితమైన సంభావ్యతా సిద్ధాంతము దానికి మూలము. ఒక్కొక్క మాట మంచి జాబులలో ఎన్నిమారులు, చెడ్డ జాబులలో ఎన్నిమారులు వచ్చినదో లెక్కించి తీర్పు చెప్పుట ఈ పద్ధతి. ఇందులో ఆయన బుద్ధిపూర్వకముగా ఒక పక్షపాతము చూపెను: మంచి జాబులలోని మాటల లెక్కను రెట్టింపు చేసెను.

ఏలన, రెండు పొరపాట్ల బరువు ఒకటి కాదు. పొల్లు లోపలికి వచ్చినచో కంటబడును. తుడిచివేయుటకు క్షణము చాలును. గింజ పోయినచో పోయిన సంగతియే తెలియదు. కళాశాలలో చోటు దొరకినదన్న జాబు స్పామ్ గదిలో పడి గడువు దాటినచో, విద్యార్థిని "వారు పిలువలేదు" అనుకొనును. కళాశాలవారు "ఆమె రాలేదు" అనుకొందురు.

1000 జాబులలో 900 చెత్త, 100 మంచివి అనుకొందము. యంత్రము నూటికి 99 పాళ్లు సరిగా గుర్తించినను, 891 చెత్త జాబుల నడుమ 1 మంచి జాబు పూడిపోవును. దానికై అన్నింటిని వెదకవలసినచో వడపోసిన ఫలమేమి?

అట్లని తలుపులు బార్లా తెరచుటయు క్షేమము కాదు. బ్యాంకు పేరు పెట్టుకొని పాస్‌వర్డ్ దొంగిలింపజూచు జాబులును కలవు. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనరాదు, నిజమే; కాని ఎలుకల వెంట పాము వచ్చినప్పుడు ఏమరియుండుటయు తగదు.

కనుక నిశ్చయముగా మోసమని తేలినదానిని గడప వద్దనే తిరుగగొట్టుటయు, సందేహమున్నదానిని వేరుగదిలో నుంచుటయు మేలు. పొరపాటున తిరుగగొట్టబడిన మంచి జాబు సంగతి పంపినవారికి తెలియును. వారు మరియొక దారి చూచుకొందురు. వేరుగదికి చేరినదాని సంగతి ఇరువురకును తెలియదు. జీమెయిల్‌లో ఆ గదిలోని జాబులు 30 దినములు గడచినంతనే తొలగిపోవును. ముఖ్యమైన జాబునకై ఎదురుచూచువారు ప్రతిదినము అందు తొంగిచూడవలెను. మంచిదానిని కనుగొన్నచో "స్పామ్ కాదు" అని గుర్తింపవలెను. దానివలన యంత్రమును నేర్చుకొనును.

మంచి రైతు పొల్లుకుప్పను ఒకమారు చేతితో కెలికి చూచిన తరువాతనే కళ్లము విడుచును.