పట్టా కోసం ముప్పై ఏళ్ళు

1892వ సంవత్సరపు వేసవి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బి.సి.ఎల్. అనే ఉన్నత న్యాయశాస్త్ర పరీక్షకు గడువు దగ్గరపడింది. పరీక్షార్థులందరూ పుస్తకాలలో మునిగి ఉండగా, సముద్రాలు దాటి వచ్చి మూడేళ్ళుగా అక్కడ విద్యనభ్యసిస్తున్న ఒక భారతీయ యువతికి మాత్రం వేరే చింత పట్టుకున్నది. తనను అసలు ఆ పరీక్ష మందిరంలోకి అడుగు పెట్టనిస్తారా?

ఆమె పేరు కొర్నీలియా సొరాబ్జీ. వయస్సు పాతికేళ్ళు. స్త్రీని తాను పరీక్షించబోనని పరీక్షకులలో ఒకరు భీష్మించుకొని కూర్చున్నారు. కావాలంటే ఆమె తన వసతి గృహంలోనే విడిగా కూర్చొని జవాబులు వ్రాసుకోవచ్చునన్నారు అధికారులు. పైకి చూస్తే అది అనుగ్రహమే. కాని ఆ అనుగ్రహంలోని మెలిక కొర్నీలియాకు తెలుసు. పురుషులతో సమానంగా, వారు కూర్చున్న చోటనే కూర్చొని వ్రాయని పరీక్షకు రేపు ఎవరు విలువ ఇస్తారు? ఆమె అంగీకరించలేదు. విషయాన్ని వైస్‌ఛాన్సలర్ దాకా తీసుకుపోయింది.

ఈ పట్టుదల ఆమెకు ఎక్కడనుంచి వచ్చింది?

కొర్నీలియా 1866లో నాసిక్‌లో జన్మించింది. తండ్రి క్రైస్తవమతం స్వీకరించిన పార్సీ. తల్లి ఫ్రాన్సినా పూనాలో పాఠశాలలు నడిపిన విదుషీమణి. ఆస్తి మోసపోయి, లోకవ్యవహారం తెలియక, సలహా కోసం తల్లి దగ్గరకు వచ్చిన స్త్రీల గోడు కొర్నీలియా చిన్ననాటనే విన్నది. పరపురుషుని కంటపడరాని ఘోషా స్త్రీకి వకీలు దొరికేది ఎట్లా? ఆడది వకీలైతే తప్ప మార్గం లేదు. ఆనాటికి అటువంటి ఆడది దేశంలో లేదు.

పూనా దక్కన్ కళాశాలలో చదివి ఆమె ప్రథమశ్రేణిలో అగ్రస్థానం సాధించింది. ఆ స్థానం పొందిన విద్యార్థిని ప్రభుత్వం తన ఖర్చుతో ఇంగ్లండు పంపి చదివించవలసి ఉండగా, తీరా ఫలితం వచ్చాక ఆ వేతనం స్త్రీలకు వర్తించదని తేల్చారు. ప్రతిభకు పెట్టిన పరీక్షలో గెలిచిన ఆమె, ఎవ్వరూ పెట్టని పరీక్షలో ఓడిపోయింది. కొంతకాలం అహమ్మదాబాదులోని గుజరాత్ కళాశాలలో పురుష విద్యార్థులకు ఇంగ్లీషు బోధించి డబ్బు కూడబెట్టింది. ఇంగ్లండులో లేడీ హాబ్‌హౌస్, ఫ్లోరెన్స్ నైటింగేల్, విలియం వెడ్డర్‌బర్న్ మొదలైనవారు చందాలు పోగుచేశారు. 1889లో కొర్నీలియా ఆక్స్‌ఫర్డ్ చేరి సోమర్‌విల్ వసతి గృహంలో ప్రవేశించింది. ఆ సంస్థకు అప్పటికి వయస్సు పదేళ్ళు మాత్రమే.

సరిగ్గా ఆ రోజులలోనే లండన్‌లో మోహన్‌దాస్ గాంధీ అనే మరొక భారతీయుడు బారిస్టరు చదువు చదువుతున్నాడు. తిండికీ, బట్టకూ, మాటతీరుకూ ఆయన ఎన్ని తిప్పలు పడ్డాడో లోకానికి తెలుసు. అయితే పరీక్ష గది తలుపు మాత్రం ఆయనకు మూసి లేదు. 1891లో పట్టా చేతపట్టుకొని ఓడ ఎక్కాడు. కొర్నీలియాకు చలి, పరాయితనం, డబ్బు ఇబ్బంది అన్నీ ఉన్నవి. వీటికి తోడు, చీరకట్టుతో వీధిలో నడిచే ఆమెను అందరూ వింతగా చూసేవారు. పురుషుల కళాశాలలో ఉపన్యాసం వినాలంటే ఆడపిల్లకు తోడుగా ఒక పెద్ద ముత్తయిదువ వెళ్ళి కూర్చోవలసిన కాలమది.

అయినా ఆమెకు ఆప్తులు దొరికారు. బేలియల్ కళాశాల అధిపతి బెంజమిన్ జోవెట్ ఆమెను స్వయంగా ఆదరించాడు. ఆల్ సోల్స్ కళాశాల పెద్ద సర్ విలియం ఆన్సన్ 1890లో తమ కాడ్రింగ్టన్ గ్రంథాలయంలో చదువుకొనడానికి ఆమెకు అనుమతి ఇచ్చాడు. అంతకు పూర్వం ఆ అనుమతి ఏ స్త్రీకీ లభించలేదు. న్యాయశాస్త్ర గ్రంథాలు నిండిన ఆ విశాలమైన హాలులో, తలవంచుకొని చదువుకొనే పురుషుల నడుమ, చీర ధరించిన ఆ ఒక్క మూర్తిని ఊహించుకొనవలసిందే.

పరీక్ష ముంగిట ఆమె చేసిన విన్నపం వృథా కాలేదు. కొర్నీలియా సొరాబ్జీ బి.సి.ఎల్. పరీక్షకు కూర్చొనవచ్చునని విశ్వవిద్యాలయ సభ ప్రత్యేకంగా తీర్మానించింది. ఒక్క విద్యార్థిని పేరు మీద ఒక తీర్మానం! ఆమె పురుషులతోపాటే పరీక్ష వ్రాసింది. మూడవ తరగతిలో ఉత్తీర్ణురాలైంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ పరీక్ష గట్టెక్కిన మొదటి స్త్రీ ఆమెయే.

గట్టెక్కింది గాని, పట్టా లేదు. స్త్రీ పరీక్ష వ్రాయవచ్చు, నెగ్గవచ్చు, పట్టభద్రురాలు మాత్రం కారాదు! ఆక్స్‌ఫర్డ్ ఈ నియమాన్ని 1920లో సడలించింది. కేంబ్రిడ్జికి 1948 వరకూ మనస్సు రాలేదు.

స్వదేశానికి తిరిగివస్తే ఇక్కడా తలుపులు మూసే ఉన్నవి. 1897లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి ఎల్.ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష ముగించినా, కోర్టులో వాదించే హక్కు రాలేదు. సంస్థానాలలో మాత్రం ప్రత్యేకానుమతితో కొన్ని కేసులు నడిపింది. వాటిలో ఒక విచిత్రాన్ని ఆమె తన ఆత్మకథలో చెప్పుకొన్నది. ఒక ఏనుగు పక్షాన వాదించడానికి ఒక రాజుగారి దర్బారుకు వెళితే, ఆయన తీర్పు ఆమెకే అనుకూలంగా చెప్పాడట. కారణం వాదన కాదు. రాజుగారి కుక్కకు ఆమె నచ్చింది!

1904లో బెంగాలు ప్రభుత్వం ఆమెను కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో స్త్రీల వ్యవహారాలకు సలహాదారుగా నియమించింది. జమీందారీల కథలు ఎరిగిన తెలుగువారికి ఈ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కొత్త కాదు. వారసుడు పసివాడైనప్పుడో, యజమానురాలు వితంతువైనప్పుడో ఎస్టేటును ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకొనేది. ఆ ఎస్టేటుల అంతఃపురాలకు పడవలలో, పల్లకీలలో, ఒక్కొక్కసారి ఏనుగుల మీద ప్రయాణించి, సుమారు ఇరవై ఏళ్ళ కాలంలో ఆరు వందలకు పైగా స్త్రీలకూ, అనాథ శిశువులకూ ఆమె అండగా నిలిచింది. చిన్ననాడు కన్న కల ఆ విధంగా, కోర్టు గుమ్మం బయటనే, ఫలించింది.

ఆమెను ఆరాధించేవారికి మింగుడుపడని సంగతి ఒకటున్నది. స్వరాజ్యోద్యమం ఆమెకు నచ్చలేదు. గాంధీజీని విమర్శించింది. 1927లో దేశమంతా మండిపడిన కేథరిన్ మేయో గ్రంథాన్ని సమర్థించి ఎందరో మిత్రులను పోగొట్టుకున్నది. తనకు అడుగడుగునా అడ్డుతగిలిన పాలకులనే ఆమె చివరిదాకా నమ్మింది. ఈనాటి పాఠకునికి ఇది వింతగానే తోస్తుంది.

1922లో కొర్నీలియా మళ్ళీ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, పాతికేళ్ళ వయస్సులో సంపాదించిన పట్టాను యాభై అయిదేళ్ళ వయస్సులో అందుకొన్నది. మరుసటి ఏడు స్త్రీలు న్యాయవాదులు కావచ్చునని భారతదేశంలో చట్టం వచ్చింది. 1924లో ఆమె కలకత్తా హైకోర్టులో అడుగుపెట్టింది. అక్కడ ఆమెకు దొరికిన పని చాలావరకు అభిప్రాయాలు వ్రాసి ఇవ్వడమే. న్యాయమూర్తి ఎదుట నిలబడి వాదించే అవకాశాలు అరుదుగా వచ్చినవి. కొద్ది ఏళ్ళకే విరమించుకొని లండన్‌లో స్థిరపడి, 1954లో అక్కడే కన్నుమూసింది.