రెండు దేశములు, ఒక పౌరసత్వము

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము దాటి తార్నాక చౌరస్తాకు వచ్చు త్రోవలో, పదవీ విరమణ చేసిన అధ్యాపకుల యిండ్లు పెక్కు కలవు. సాయంకాలము వరండాలలో కూర్చున్న పెద్దలను పలుకరించినచో, "అబ్బాయి డల్లాసులో, అమ్మాయి న్యూజెర్సీలో" అను మాట తరచు వినబడును. దానివెంట మరియొక మాటయు వచ్చును: "మావాడు అక్కడి సిటిజెన్‌షిప్పు తీసుకున్నాడండీ. ఇక ఇక్కడివాడు కానట్టేనా?" "ఫరవాలేదు, రెండూ ఉంచుకోవచ్చుట" అని పొరుగువారు ధైర్యము చెప్పుదురు. ఆ ధైర్యమునకు ఎంత ఆధారము కలదో విచారింతము.

మన రాజ్యాంగములోని 9వ అనుచ్ఛేదమును, 1955 నాటి పౌరసత్వ చట్టమును ఈ విషయమున సందేహమునకు తావియ్యవు. భారత పౌరుడు తన యిష్టముతో పరదేశ పౌరసత్వమును స్వీకరించినచో, భారత పౌరసత్వము దానంతట అదియే తొలగిపోవును. ఆ పిమ్మట పాత పాస్‌పోర్టును అప్పగింపవలెను. దానితో ప్రయాణము చేయుట నేరము. అమెరికా రెండు పౌరసత్వములను సహించును. జర్మనీ సైతము 2024 జూన్ నుండి అనుమతించుచున్నది. కాని ఒంటిచేత చప్పట్లు మ్రోగవు. రెండవ దేశము కూడ ఒప్పుకొనినగాని ద్వంద్వ పౌరసత్వము సిద్ధింపదు. ఒక్క 2022 లోనే 2,25,620 మంది భారత పౌరసత్వమును వదలుకొనిరని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది.

మన నగరమునకు ఈ చిక్కు బొత్తిగా క్రొత్తది కాదు. నైజాము కాలమున 'ముల్కీ' యనగా స్థానికుడు, 'గైర్ ముల్కీ' యనగా పైవాడు. కృష్ణ దాటి వచ్చినవాడు, మాటాడునది అచ్చమైన తెలుగే యైనను, ఇచ్చటి కొలువులకు పరాయివాడే. పదునైదేండ్లు నివసించి, వెనుకకు పోవు తలంపు లేదని ప్రమాణపత్రము వ్రాసియిచ్చిన పిమ్మటనే ముల్కీ యగును. 1950 లో దేశమంతటికి ఒకే పౌరసత్వము వచ్చినది. ఉద్యోగములకు సంబంధించిన ముల్కీ నిబంధనలు మాత్రము 1973 లో గాని రద్దు కాలేదు. ఆ పత్రము కొరకు తిరిగిన తాతల మనుమలే నేడు పరదేశపు కార్యాలయములలో ప్రమాణము చేయుచున్నారు!

ప్రవాసులు ద్వంద్వ పౌరసత్వమును చిరకాలముగా కోరుచుండిరి. లక్ష్మీమల్ సింఘ్వీ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2002 లో అందుకు అనుకూలముగా నివేదిక నిచ్చెను. తుదకు లభించినది పౌరసత్వము కాదు, ఓ.సి.ఐ. కార్డు. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ మన హైదరాబాదుననే జరిగినపుడు, ప్రధానమంత్రి మన్మోహన్ సింగు తొలి కార్డులను అందజేసిరి. దాని పేరులో 'సిటిజెన్' అను పదము ఉన్నందుననే పొరుగువారి ధైర్యము పుట్టినది. పేరు అట్టిది, చట్టము దృష్టిలో కార్డుదారు విదేశీయుడే.

అయినను దాని ప్రయోజనము స్వల్పము కాదు. అది జీవితకాలపు వీసా. ఎన్నిమారులైన రావచ్చును, ఎన్నాళ్లయిన ఉండవచ్చును, పోలీసు నమోదు అక్కరలేదు. తండ్రికి జబ్బు చేసినదని రాత్రి కబురు వచ్చినచో, వీసా కొరకు పడిగాపులు పడక ఉదయము విమాన మెక్కవచ్చును. ఇల్లు కొనవచ్చును; బ్యాంకు ఖాతా నడుపవచ్చును. కాని వ్యవసాయభూమిని కొనరాదు. పెద్దలనుండి వారసత్వముగా వచ్చినదానిని ఉంచుకొనవచ్చును గాని, ప్రక్క చెలకను కొని దానికి కలుపుకొనుటకు వీలులేదు. ఓటు లేదు, శాసనసభకు పోటీచేయు హక్కు లేదు, సామాన్యముగా ప్రభుత్వోద్యోగమును లేదు. 2021 మార్చి 4 నాటి ప్రకటన ప్రకారము పరిశోధనకును పత్రికా రచనకును ప్రత్యేకానుమతి కావలెను. విశ్వవిద్యాలయము ప్రక్కన నివసించువారికి ఇది గమనింపదగిన నియమము.

పౌరసత్వము హక్కు. కార్డు ప్రభుత్వ మిచ్చిన అనుమతి. ఇచ్చిన చేయి తీసికొనవచ్చును. రెండేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడినచో కార్డును రద్దు చేయవచ్చునని 2025 ఆగస్టులో ప్రకటించిరి. తప్పుచేసిన పౌరుడు కారాగారమునకు పోవును గాని, పౌరుడు కాకపోడు గదా!

వదలుకొన్న పౌరసత్వమును తిరిగి పొందుట ఎంత కష్టమో తెలుపుటకు మన వేములవాడ ఉదంతము చాలును. చెన్నమనేని రమేశ్‌గారు 1993 లో జర్మను పౌరులైరి. 2009 లో భారత పౌరసత్వమును మరల పొంది, నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికైరి. దరఖాస్తునకు ముందు ఏడాదికాలము ఇచ్చట నివసింపలేదని కేంద్ర హోమ్ శాఖ 2017 లోను, మరల 2019 లోను దానిని రద్దుచేసినది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మను పౌరుడేయని తీర్పు చెప్పి, ముప్పది లక్షల రూపాయలు చెల్లింపుమన్నది. ఇన్నేండ్లలో వేములవాడ ప్రజలు ఎన్నిమారులు ఓటు వేసిరో లెక్కించినచో, ఈ వ్యాజ్యపు బరువు ఒక్కరిది కాదని తెలియును.

సరే, పూర్తి ద్వంద్వ పౌరసత్వమే లభించినచో? అందును ముండ్లు కలవు. అమెరికా తన పౌరుడు ఎచ్చట నివసించినను ఆదాయపు లెక్క అడుగును. తిరిగి వచ్చి తార్నాకలో స్థిరపడినను, మేడమీది వాటాకు వచ్చు అద్దెను సైతము ఏటేటా అచ్చటికి నివేదింపవలెను. రెండు దేశముల మధ్య ఒప్పందముండుటచే పన్ను రెండుమారులు పడకపోవచ్చును గాని లెక్క తప్పదు. నిర్బంధ సైనిక సేవ గల దేశములైనచో కుమారులకు రెండు పిలుపులు రావచ్చును. మరియొకటి: 1930 నాటి హేగ్ ఒడంబడిక ప్రకారము, ఇరుదేశముల పౌరుడు ఒక దేశముతో చిక్కులో పడినపుడు రెండవ దేశము అతని పక్షమున రాయబారము నడుపరాదు. రెండు గొడుగులున్నవను కొన్నవాడు వానలో తడియుట ఇట్టిదే.

మేమెరిగిన యొక యింట ఈ విచారము పుస్తకములది కాదు. తండ్రి గతించినాడు. తల్లి ఒంటరిది, కీళ్లనొప్పులతో మెట్లు దిగలేదు. కుమారుడు అమెరికా పౌరుడై ఓ.సి.ఐ. కార్డు తీసికొన్నాడు. కుమార్తె గ్రీన్ కార్డుతోనే యున్నది. పాస్‌పోర్టు నేటికిని మనదే. ఓటరుగా నమోదైనచో, ఇచ్చటికి స్వయముగా వచ్చి ఓటు వేయవచ్చును. 2011 నుండి ప్రవాస పౌరులకు ఆ వీలు కలదు. కాని ఆమె తల్లికడ రెండేండ్లు ఉండదలచినది. ఏడాది మించి దూరముగా నున్నచో గ్రీన్ కార్డునకు ముప్పు. ముందుగా అనుమతి పొంది వచ్చినను, అది సామాన్యముగా రెండేండ్లకే. అచ్చటి పౌరురాలై కార్డుతో వచ్చినచో ఎన్నాళ్లయిన ఉండవచ్చును. అనగా, తల్లి దగ్గర నిశ్చింతగా నుండుటకై తల్లి దేశపు పౌరసత్వమును వదలుకొనవలెను.

ఈ సంగతి విని ఆ తల్లి, "ఓటు సంగతి తరువాత చూద్దాం గాని, ఎన్నాళ్ళుంటావో అది చెప్పమ్మా" అన్నది. కుమార్తె దరఖాస్తు నింపినది. చేవ్రాలు మాత్రము ఇంకను చేయలేదు.