రాయాలనుకున్నాడు... నటించాల్సొచ్చింది!

నడిసముద్రంలో ఓ పాత పడవ. రాత్రి వేళ. లోపలి గదిలో బల్ల చుట్టూ ముగ్గురు మగాళ్ళు. మందు మీదున్నారు. ఒంటి మీది పాత గాయాల మచ్చలు ఒకళ్ళకొకళ్ళు చూపించుకుని పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళలో పెద్దాయన చేతి మీద పచ్చబొట్టు చెరిపించుకున్న గుర్తు ఉంటుంది. ఏమిటది అంటే ఓ ఓడ పేరు చెబుతాడు. అంతే! ఎదుటి కుర్రాడి మొహంలో నవ్వు ఆరిపోతుంది.

ఆ పెద్దాయన రాబర్ట్ షా. సినిమా ‘జాస్’ (1975).

కాలేజీ రోజుల్లో సొరచేపని చూద్దామని ఉదయం ఆటకి పోయినవాణ్ణి నేను. ఆ ఇంగ్లీషు నాకు సగం కూడా అందలేదు. అయినా షా మాట్లాడుతున్నంతసేపూ కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాను. అక్కడ సొరచేప కనిపించదు. ఫ్లాష్‌బ్యాక్ లేదు. ఒక మనిషి కూర్చుని కథ చెబుతాడు. మధ్యలో కాస్త నవ్వుతాడు కూడా. ఆ నవ్వే ప్రాణం తీస్తుంది! ముందు బెంచీల్లో ఈలలేసే బ్యాచి కూడా గప్‌చుప్. ఇంటికొచ్చాక సొరచేప గుర్తులేదు నాకు. ఆ కళ్ళే గుర్తున్నాయి.

ఆ కథ కల్పన కాదు. అణుబాంబు భాగాలని పసిఫిక్ దీవికి చేరవేసిన అమెరికన్ యుద్ధనౌక ‘ఇండియానాపొలిస్’ని 1945 జూలై 30న జపాన్ జలాంతర్గామి ముంచేసింది. ఓడలో ఉన్నది 1,195 మంది. బతికి బయటపడ్డది 316 మంది. (సినిమాలో షా చెప్పే తేదీ ఓ నెల ముందుది. ఎవరి పొరపాటో గానీ, ఆ కళ్ళు చూస్తూ తేదీలు లెక్కపెట్టేవాడెవడు?)

ఆ డైలాగు రాసిందెవరన్న వాదన హాలీవుడ్‌లో ఎప్పటినుంచో ఉంది. హోవర్డ్ సాక్లర్ మొదలుపెట్టాడు, జాన్ మిలియస్ పేజీలకి పేజీలు పెంచాడు. దాన్ని కత్తిరించి, తన నోటికి తగ్గట్టు మలుచుకున్నవాడు షా. నటుడు డైలాగులు తిరగరాయడమేమిటి, పొగరు కాకపోతే... అనుకుంటున్నారా? అసలు సంగతి అక్కడే ఉంది. రాబర్ట్ షా రచయిత. అల్లాటప్పా రచయిత కాదు, బహుమతి కొట్టిన నవలాకారుడు!

1927 ఆగస్టు 9న ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పుట్టాడు షా. తండ్రి డాక్టరు. చేతిలో మంచి వృత్తి ఉంది, ఇంట్లో తాగుడు ఉంది. షాకి పన్నెండేళ్ళప్పుడు ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

కొన్నాళ్ళు బడిపంతులుగా పనిచేసి, లండన్‌లో నటన నేర్చుకుని, షేక్‌స్పియర్ నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేశాడు. టీవీలో సముద్రపు దొంగల సీరియల్‌లో హీరో అయ్యాడు. కానీ చూపంతా కలం మీదే. 1960లో మొదటి నవల వచ్చింది. మరుసటేడు రెండోది, ‘ది సన్ డాక్టర్’. దానికి 1962లో హాథోర్న్‌డెన్ బహుమతి వచ్చింది.

ఆ మరుసటేడు, అంటే 1963లో, జేమ్స్‌బాండ్ వచ్చి తలుపు తట్టాడు. ‘ఫ్రం రష్యా విత్ లవ్’లో కిరాయి హంతకుడు గ్రాంట్ వేషం. తెల్లటి జుట్టు, రాయిలాంటి మొహం. సినిమా సగం దాటేదాకా ఈ గ్రాంట్ నోరు విప్పడు! మాట లేకుండా అంతసేపు భయపెట్టడం ఎంతమందికి చేతనవుతుంది? ఇక రైలు పెట్టెలో షాన్ కానరీతో ఆ కొట్లాట... ఇరుకు గదిలో ఇద్దరు మనుషులు నిజంగా చంపుకుంటున్నట్టే ఉంటుంది. బాండ్ సినిమాలు ఎన్నొచ్చినా నా ఓటు ఆ ఫైటుకే.

1966లో ‘ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్’లో ఎనిమిదో హెన్రీ రాజు వేషం వేశాడు. పడవ మీంచి దూకి బురదలో దిగబడతాడు రాజు. అందరికీ గుండె జారిపోతుంది. ఒక్క క్షణం ఆగి విరగబడి నవ్వుతాడు. అప్పుడు అందరూ నవ్వుతారు, నవ్వక చస్తారా! ఆ నవ్వు వెనకే కత్తి ఉందని మనకి తెలిసిపోతుంది. ఉన్నది కాసేపే అయినా సహాయ నటుడిగా ఆస్కార్‌కి నామినేట్ అయ్యాడు. బహుమతి మాత్రం వాల్టర్ మాథావ్ పట్టుకుపోయాడు.

ఇక్కడ ఓ చేదు నిజం చెప్పాలి. షాకి పిల్లలు పదిమంది. అవును, పదిమందే! మూడు పెళ్ళిళ్ళు, పెంచుకున్న బిడ్డతో కలిపి ఆ లెక్క. నవలలతో పదిమంది కడుపులు నిండవు కదా. వచ్చిన వేషమల్లా ఒప్పుకున్నాడు. అందులో మంచివీ ఉన్నాయి, డబ్బు కోసం చేసినవీ ఉన్నాయి. 1967లో నవలగా, నాటకంగా వచ్చిన ‘ది మ్యాన్ ఇన్ ది గ్లాస్ బూత్’ ఆయన రాతల్లోకెల్లా పేరు తెచ్చింది. న్యూయార్క్‌లో ఉన్న ఓ ధనిక యూదుణ్ణి నాజీ హంతకుడివంటూ ఎత్తుకెళ్ళి అద్దాల బోనులో నిలబెడతారు. వాడు నిజంగా ఎవరు? అదీ కథ. నాటకాన్ని లండన్‌లో హెరాల్డ్ పింటర్ డైరెక్ట్ చేశాడు. 1969లో అయిదో నవల వచ్చింది. ఆ తర్వాత మరో నవల లేదు.

సినిమా పేరు మాత్రం అప్పుడే ఆకాశానికెక్కింది! 1973లో ‘ది స్టింగ్’. అందులో మోసపోయే గ్యాంగ్‌స్టర్ కుంటుతూ నడుస్తాడు చూడండి, అది నటన కాదు. షూటింగ్‌కి ముందు ఆటలో జారిపడి కాలు దెబ్బతింది. డైరెక్టరు జార్జ్ రాయ్ హిల్ దాన్నే పాత్రకి వాడుకున్నాడు. ఆ సినిమా నిర్మాతలే తర్వాత ‘జాస్’ తీశారు. లీ మార్విన్, స్టెర్లింగ్ హేడెన్ కాదన్న వేటగాడి వేషం అలా షా చేతికొచ్చింది.

1974లో ‘జాస్’ షూటింగ్. మరసొరచేప మాటిమాటికీ పాడైపోయేది. పని లేని గంటల్లో సీసా తోడు. ఆ ఓడ కథ సీను మొదట తీసిన రోజు షా తాగి వచ్చాడు. పాత్ర తాగి ఉంది కాబట్టి తానూ తాగితే బాగుంటుందన్నాడట! మాట తడబడింది, తీసింది పనికి రాలేదు. అర్ధరాత్రి స్పీల్‌బర్గ్‌కి ఫోన్ చేశాడు. నేనేమైనా పరువు పోగొట్టుకున్నానా అని అడిగి, ఇంకో అవకాశం ఇమ్మన్నాడు. మర్నాడు చుక్క ముట్టకుండా వచ్చి చేసిందే మనం తెర మీద చూస్తున్న సీను.

ఆ సీనుని నేనెప్పుడు చూసినా ఒకటే అనిపిస్తుంది. నటుడు షా, రచయిత షా ఒకే కుర్చీలో కూర్చున్నది ఆ కాసేపే. ఏ మాట తీసెయ్యాలో రచయితకి తెలుసు, ఏ మాట దగ్గర ఆగాలో నటుడికి తెలుసు. పదిమంది బిడ్డల కోసం పక్కన పెట్టిన కలం ఆ పడవలో మళ్ళీ చేతికొచ్చింది.

‘జాస్’ విడుదలకి రెండు నెలల ముందు, 1975 ఏప్రిల్‌లో, భార్య మేరీ యూర్ చనిపోయింది. ఆమె కూడా గొప్ప నటి. మందూ నిద్రమాత్రలూ కలిసి ప్రమాదవశాత్తూ ప్రాణం తీశాయి. అదే ఏడు ‘గ్లాస్ బూత్’ సినిమాగా వచ్చింది. స్క్రిప్టు నచ్చక షా తన పేరు తీయించేశాడు. విచిత్రం చూడండి, అందులో హీరో వేషం వేసిన మాక్సిమిలియన్ షెల్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ‘జాస్’లో షాకి రాలేదు!

తర్వాత ‘రాబిన్ అండ్ మారియన్’, ‘బ్లాక్ సండే’, ‘ది డీప్’ వరసగా వచ్చాయి. 1978 ఆగస్టు 28న ఐర్లండ్‌లో టూర్మకేడీ దగ్గర తన ఇంటికి కారులో వెళ్తూ, ఒంట్లో బాగోలేదని కారాపి దిగాడు. రోడ్డు పక్కనే గుండె ఆగిపోయింది. యాభై ఒక్కేళ్ళు. ఆఖరి సినిమా ‘అవలాంచ్ ఎక్స్‌ప్రెస్’ మరుసటేడు వచ్చింది, అందులో షాకి వేరే నటుడు గొంతిచ్చాడు. డబ్బింగ్ మనకి కొత్త కాదు గానీ, ఆ మొహంలోంచి పరాయి గొంతు వినడం నా వల్ల కాలేదు. మధ్యలో ఆపేశాను.

మేరీ యూర్ కొడుకు ఇయాన్ షా, తండ్రి పోయేనాటికి పదేళ్ళు నిండని పిల్లాడు. తానూ నటుడే అయ్యాడు, పెద్దయ్యేకొద్దీ అచ్చం తండ్రి పోలిక. తాగుడు మానాలని రాబర్ట్ షా పెనుగులాడుతూ రాసుకున్న డైరీ ఒకటి ఆ కొడుకు కంటబడింది. అది చదివాక, జోసెఫ్ నిక్సన్‌తో కలిసి ‘ది షార్క్ ఈజ్ బ్రోకెన్’ నాటకం రాశాడు. 2019లో ఎడిన్‌బరోలో మొదలై, 2021లో లండన్, 2023లో బ్రాడ్‌వే చేరింది. మరసొరచేప పాడైన రోజుల్లో ఆ ముగ్గురు నటులూ పడవలో కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారన్నదే కథ. నాటకంలో తండ్రి వేషం కొడుకుదే. మీసం పెట్టుకుని, టోపీ పెట్టుకుని, ఆ ఓడ కథ తానే చెప్పాడు.