గుమ్మటాలు సరే, ఫొటోలో కొండలేవీ?

పుట్టపర్తి: ఇక్కడికి వచ్చిన యాత్రికుల్లో చాలామంది ప్రశాంతిగ్రామ్‌లోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ముందు ఒక ఫొటో దిగనిదే బస్సెక్కరు. ఆ భవనానికి ప్లాను గీసినది కీత్ క్రిచ్‌లో (1933-2020) అనే ఇంగ్లండు వాస్తుశిల్పి అని మన పల్లెల్లో తెలిసినవారు మాత్రం తక్కువే. ప్రాచీన కట్టడాల వెనుకనున్న క్షేత్రగణితాన్ని జీవితమంతా శోధించి, లండన్‌లో విద్యార్థులకు బోధించిన పండితుడాయన. మహమ్మదీయ కట్టడాల నగిషీలపై 1976లో గ్రంథం వెలువరించారు. వృత్తలేఖిని, బద్ద చేతబట్టి గీసే పద్ధతి ఆయనది. తాడు, మేకులతో కొలతలు వేసుకున్న మన పాత శిల్పులకు ఆ పని కొత్తగా తోచేది కాదు.

ఏడాదిలో ఆసుపత్రి నెలకొల్పుతామని సత్యసాయిబాబా 1990 నవంబరులో ప్రకటించగా, 1991 నవంబరు 22న నాటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభోత్సవం గావించారు. మొదట గుండె జబ్బులకు, తర్వాత మూత్రపిండాలకు, కళ్ళకు చికిత్స మొదలయింది. రోగి నుంచి పైసా తీసుకోరు.

మధ్యన పెద్ద గుమ్మటం, దానికి ఇరుపక్కలా చేతులు చాచినట్లు వంపు తిరిగిన కట్టడం. ఫొటో తీసేవారికి చిక్కంతా ఇక్కడే. దగ్గర నిలబడితే రెండు కొసలు పట్టవు, కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలిపోతాయి. బాగా వెనక్కి జరిగితే భవనం పడుతుంది గాని మనుషులు చీమలవుతారు. మిట్టమధ్యాహ్నం తీస్తే లేతరంగు గోడలన్నీ ఒకే తెలుపు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో నీడలు పడ్డప్పుడే గుమ్మటం గుండ్రంగా కనబడుతుంది. ఆషాఢపు గాలిలో దుమ్ము లేచినప్పుడు లెన్సు తుడుచుకోవడమే సరిపోతుంది.

అమ్మకానికి వచ్చే ఫొటోల్లో పచ్చిక, గుమ్మటం, నీలాకాశం తప్ప మరేమీ ఉండవు. ఏ దేశపు రాజభవనమో అనుకోవాలి! వెనుకనున్న బోడికొండలు, ఎర్రనేల కత్తిరించి పారేస్తున్నారు. పడమటి కనుమల వానచాటున పడి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే కురిసే నేల ఇది. ఉమ్మడి అనంతపురం జిల్లా తక్కువ వానకు రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత పేరు మోసింది. కణేకల్లు వైపు వేదవతి ఇసుక పొలాల మీదికే వచ్చిపడింది. అటువంటి చోట, వేరుశెనగ ఎండిపోయిన రైతు కూడా గుండె ఆపరేషన్‌కు రాగలిగాడన్నదే ఈ కట్టడం ప్రత్యేకత. కొండలు లేని ఫొటోలో ఆ సంగతి తెలియదు.

ఇక ఆపరేషన్‌కు ముందురోజు ఇంటిల్లిపాదీ కలిసి దిగే ఫొటో వేరు. అందులో గుమ్మటం సగం తెగినా ఫరవాలేదు. రోగి ముఖం స్పష్టంగా పడాలి, నీడలోకి పిలిచి తీయాలి. తెలియని రోగుల మీదికి మాత్రం కెమెరా తిప్పరాదు. గేటు దగ్గర సిబ్బందిని అడిగాకే కెమెరా బయటకు తీయడం మంచిది.