ట్రాక్టర్ ఫరీదాబాద్‌ది, కేసు నల్గొండలో

దుక్కుల వేళ ట్రాక్టర్ మొరాయిస్తే డీలర్ నోట ఒకటే మాట: 'పార్టు కంపెనీ నుంచి రావాలి'. ఆ కంపెనీ ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఉంటే నల్గొండ రైతు అక్కడిదాకా వెళ్లి కొట్లాడాలా? అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తానుండే జిల్లా కమిషన్‌లోనే డీలర్‌తో పాటు కంపెనీ మీదా ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు కొన్న పవర్ టిల్లర్, రోటావేటర్ లాంటి వాటికి ఫీజు కూడా లేదు. గడువు 2 ఏళ్లు.

'పంట అమ్ముకునే రైతు వినియోగదారుడెలా అవుతాడు?' అన్నది పాత వాదన. ఢిల్లీలోని జాతీయ విత్తన సంస్థ ఆంధ్రప్రదేశ్ రైతులపై ఇదే వాదిస్తే 2012లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. డ్రైవర్లను పెట్టి కిరాయికి తిప్పే ట్రాక్టరైతే మాత్రం చిక్కే. రిపేరుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్‌కార్డు అడిగి తీసుకోవాలి. డీలర్లు ఎగ్గొట్టేది ముందుగా దాన్నే.