తాతగారి పంచాంగము

నిజామాబాదు పట్టణములో గాని, బోధను చుట్టుపట్ల చెరకు పల్లెలలో గాని ఎనుబదియేండ్లు దాటిన ఒక పెద్దమనిషిని "తాతా, నీవు పుట్టినదెప్పుడు?" అని అడిగి చూడుడు. ఆయన క్రీస్తుశకపు అంకె చెప్పడు. "ఫసలీ 1350" అనును. లేదా "నిజాంసాగరు కట్టినంక తొమ్మిదేండ్లకు" అనును. నెల అడిగినచో "పునాస పంట ఇంటికొచ్చే దినాలు" అని జవాబు వచ్చును. మనుమలు నవ్వుదురు. వారి చేతిలోని ఫోనులో తేదీయు, నిమిషమును, రేపటి వానయు గూడ కనబడుచుండగా ఈ లెక్కలతో పనియేమి?

ఆ నవ్వును కొంచెము సేపు ఆపుమని మేము శ్రోతలను కోరుచున్నాము. తాతగారు ఉదయము తులసికోటకు నీరు పోయుచు, అరుగుపై కూర్చుండి ఆకాశము చూచుచు తమలో తాము అనుకొను మాటలలో నాలుగైదు వేర్వేరు కాలమానము లిమిడియున్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. ఏది దేనికి ఉపయోగపడునో తెలిసికొనక, అన్నిటిని కలిపి "పాతకాలపు చాదస్తము" అనుట సులభము. అన్నిటిని కలిపి "పూర్వుల విజ్ఞానము" అని నెత్తిన పెట్టుకొనుటయు అంతే సులభము.

ముందుగా ఫసలీ సంగతి. 'ఫసల్' అనగా పంట. శిస్తు వసూలు పంటకాలముతో సరిపడవలెనను తలంపుతో అక్బరు చక్రవర్తి కాలమున పుట్టిన ఈ శకము హైదరాబాదు సంస్థానమున రాజ్యభాషతోపాటు కచేరీలలో స్థిరపడెను. ఏడాది అక్టోబరులో ఆజూరు నెలతో మొదలగును. తరువాత దై, బహమన్ మున్నగునవి. అందువలన అక్టోబరునుండి డిసెంబరు వరకు ఫసలీకి 590, జనవరినుండి 591 కలిపినచో మన సంవత్సరము వచ్చును. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరిన నాటికి నడుచుచున్నది ఫసలీ 1357. తాతగారి పుట్టుక 1350 అనిన, 1940 చివర అన్నమాట. నిజాంసాగరు 1931లో పూర్తియైనది, తొమ్మిదేండ్లు కలుపుడు. రెండు లెక్కలును ఒక్కచోటికే వచ్చును. పెట్టెలోని పాత భూమి కాగితములు చదువవలసి వచ్చిన మనుమడు ఈ కూడిక నేర్చుకొనక తప్పదు.

ఇంటిలో ప్రతిదినము వినబడు లెక్క మాత్రము కార్తెలది. "మిరుగం ఒచ్చె, ఇంక నాగళ్ళు కట్టుండ్రి" అను మాట ఈ జిల్లాలో ఎరుగనివా రుండరు. మిరుగమనగా మృగశిర. ఆనాడు చేపలు తినుట, తిననివారు ఇంగువ కలిపిన బెల్లపుటుండ మ్రింగుట ఆచారము. ఎండలు తగ్గి చల్లదనము వచ్చు సంధికాలమున ఒంటికి వేడి నిచ్చునని పెద్దల నమ్మకము.

కార్తె అనగా నేమి? సూర్యుడు ఆకాశమున ఒక్క చుట్టు తిరిగి వచ్చుటకు పట్టు 365 దినములను 27 నక్షత్రములకు పంచినచో ఒక్కొక్కదానికి సుమారు 13న్నర దినములు వచ్చును. సూర్యుడు ఏ నక్షత్రభాగములో నున్న ఆ పేరుగల కార్తె నడుచుచున్నదన్నమాట. ఇది చంద్రునితో సంబంధము లేని లెక్క. కనుకనే తాతగారికి ఇంగ్లీషు నెలలతో పని లేకపోయినను, ఆయన కార్తెలు ఇంగ్లీషు తేదీలను విడువవు. రోహిణి మే 25 ప్రాంతమున, మృగశిర జూన్ 8 ప్రాంతమున, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమున, మఖ ఆగస్టు నడుమ, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతమున, స్వాతి అక్టోబరు 24 ప్రాంతమున ప్రతియేడును వచ్చును. తిథులు ఇట్లు నిలుకడగా నుండవు. పైరు సూర్యుని ననుసరించి పెరుగును గనుక రైతు సూర్యుని లెక్కనే ఎన్నుకొనుట తెలివియైన పని.

ఈ కార్తెలచుట్టును సామెత లల్లుకొన్నవి. రోహిణిలో రోళ్ళు పగులును. ఆరుద్రలో అడ్డెడు చల్లిన పుట్టెడు పండును. ఆరుద్ర పురుగు సంగతి చూడుడు. తొలివాన తడికి నేలనుండి పైకి వచ్చు ఎఱ్ఱని మఖమలు పురుగది. ఇది కార్తెను బట్టి రాదు, తడిని బట్టి వచ్చును. వాన ముందుగా పడిన యేట పురుగును ముందే వచ్చును. ఆలస్యమైన యేట అదియు ఆలస్యమే. తాతగారు కార్తెను నోటితో చెప్పినను కంటితో చూచునది ఈ పురుగునే. అన్నిటికంటె కఠినమైన సామెత ఉత్తరది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అందురు. సెప్టెంబరు నడుమ కార్తెలో గూడ వాన లేకున్న, ఇక ఈ యేటికి పంట లేదు. గంప నెత్తిన పెట్టుకొని ఊరు విడిచి పొమ్మని అర్థము. నాలుగే మాటలలో కరవును, వలసను చెప్పిన ఈ సామెతను తాతగారు నవ్వుచు ఉచ్చరింపగా మేము వినలేదు.

ఇపుడు మనుమడి ప్రశ్న: "తాతా, మిరుగం ఒచ్చినా వాన రాలేదు గద! నీ కార్తె తప్పిందా?" దీనికి జవాబు రెండు భాగములుగా చెప్పవలెను. కార్తెలు నిజముగనే మెల్లగా జరుగుచున్నవి. నక్షత్రములను బట్టి లెక్కించు సంవత్సరము, ఋతువులను బట్టి లెక్కించు సంవత్సరముకంటె సుమారు 20 నిమిషములు ఎక్కువ. ఆ నిమిషములు కూడికొని 72 ఏండ్లకు ఒక దినమగును, అనగా ఒక మనిషి ఆయువునకు ఒక్కరోజు. తాతగారి చిన్ననాడు జనవరి 14న వచ్చుచుండిన మకర సంక్రాంతి ఇపుడు కొన్ని యేండ్లు 15న వచ్చుటకు కారణ మిదియే. సుమారు 1700 ఏండ్ల క్రిందట సంక్రాంతియు, సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలు దినమును ఒక్కటిగా నుండెడివి. ఇపుడు సూర్యుడు డిసెంబరు 22 ప్రాంతముననే మరలుచున్నాడు. అయితే సామెతలు పుట్టి మూడు నాలుగు వందల ఏండ్లైనవనుకొన్నను ఆ జరుగుట నాలుగైదు దినములకు మించదు. వాన రాకుండుటకు అది కారణము కాజాలదు.

రెండవ భాగము వానదే. నైరుతి ఋతుపవనము సాధారణముగా జూన్ రెండవ వారమున తెలంగాణమును చేరును. ఒకయేడు ముందు, ఒకయేడు వెనుక. ఇంతవరకు తాతగారును ఎరుగుదురు. ఆయన ఎరుగని మార్పు వేరొకటి కలదు. మధ్యభారతమున 1950 మొదలు 2015 వరకు విస్తారమైన అతివృష్టి ఘటనలు సుమారు మూడు రెట్లు పెరిగినవని వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్క తేల్చిరి. ఒక్కసారిగా కుండపోత, ఆపై చాలదినములు ఎండ. నెల మొత్తము లెక్కలో వాన సరిపోయినట్లే కనబడును, విత్తు మాత్రము మాడిపోవును. పదమూడు దినములకు ఒక జల్లు అను ఊహపై కట్టిన కార్తెల లెక్కకు దెబ్బ తగిలినది ఇచ్చటనే. కార్తె చెప్పునది సూర్యుని చోటు మాత్రమే. మేఘము ఎన్నడును దానికి మాట ఇచ్చియుండలేదు.

దేవుని లెక్క వేరు. ఏకాదశి, పౌర్ణమి, బతుకమ్మ, దసరా ఇవన్నియు చంద్రునివి. పండ్రెండు చాంద్రమాసములు కలిసి 354 దినములే. ఏటికి 11 దినములు తక్కువ. ఆ లోటును 32, 33 నెలల కొకసారి అధికమాసముతో పూరింతురు. 2023లో అధిక శ్రావణము, 2026లో అధిక జ్యేష్ఠము. అందుచేతనే ఎంగిలిపూల బతుకమ్మ 2025లో సెప్టెంబరు 21న రాగా, 2026లో అక్టోబరు 10కి పోవును. తంగేడు, గునుగు పూలకు ఈ సంగతి తెలియదు. అవి వానను బట్టి పూయును. కోడలు పూలకై పొలముగట్లు తిరిగి వచ్చి "ఈ యేడు గునుగు ముదిరింది మామా" అనినపుడు ఆయన వ్రేళ్ళు మడచి అధికమాసము లెక్కించుట అందులకే.

ఈ ప్రాంతపు తాతలకు మరియొక చంద్రుని లెక్కయు తెలియును. పీర్ల పండుగకు అలావా గుంట త్రవ్వువారిలోను, పీర్లకు మ్రొక్కువారిలోను హిందువులు ఎందరో కలరు. వర్ని దగ్గరి బడాపహాడు దర్గాకు మ్రొక్కులు తీర్చుకొన పోవు కుటుంబములను మతమును బట్టి వేరుచేయుట కష్టము. హిజరీ సంవత్సరమునకు అధికమాసము లేదు. కావున పీర్ల పండుగ ఏటేట 10, 11 దినములు ముందునకు జరుగుచు, 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. ఎనుబదియేండ్ల మనిషి ఈ చుట్టును రెండుమారులు పూర్తిగా చూచియుండును. ఎండాకాలపు పీర్లను, వానలో తడిసిన పీర్లను, చలిలో అలావా మంట కాచుకొన్న పీర్లను ఆయన వేర్వేరుగా జ్ఞాపకముంచుకొన్నాడు.

ఇక చెరకు. బోధను తాతల జీవితములో దేవుని తరువాతి స్థానము చాలకాలము మిల్లుదే. 1937లో శక్కర్‌నగరులో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవానిలో ఒకటి. దానికి ముందే నిజాంసాగరు కాలువల వెంట కోస్తా జిల్లాల రైతు కుటుంబములు వచ్చి స్థిరపడజొచ్చినవి. నేటికిని పెక్కు ఊళ్ళ పేర్ల చివర 'క్యాంపు' అని వినబడును. ఆ యిండ్లలో సంక్రాంతి పెద్దపండుగ, ప్రక్కయిండ్లలో దసరా పెద్దపండుగ. మిల్లు వచ్చి ఉభయులకును ఒకే ఋతువు నిచ్చినది. అది గానుగ ఋతువు.

చెరకునకు ఏడాది కావలెను. వానకాలమంతయు అది నిలువు పెరుగును. తీపి మాత్రము చలిలో ఎక్కును. రాత్రులు చల్లబడి, ఆకాశము తేటపడి, ఎదుగుదల మందగించినపుడు ఆకులు చేసిన చక్కెర క్రొత్త ఆకులకు ఖర్చు కాక గడలో నిలువ చేరును. "చలి గట్టిగ పెడితె గడ తియ్యగైతది" అను తాతగారి మాట అక్షరాల నిజము. అందుకే నవంబరునుండి మార్చి వరకు గానుగ. నరికిన గడ ఒక దినము దాటినచో నీరు కోల్పోవును, చక్కెర విరిగి పులియును. కనుక రైతు కోత దినమును తాను నిర్ణయించుకొనజాలడు; మిల్లు చీటీ రావలెను. చీటీ వచ్చిన రాత్రి బండ్లు కట్టుట, మిల్లుద్వారము ముందు వరుసలో కునుకుట, చెరకు బిల్లు చేతికి వచ్చిన పిదప గాని కూతురి పెండ్లికి మాట ఇవ్వకుండుట, ఇవన్నియు ఆ తరము వారికి తిథివార నక్షత్రములతో సమానములు. నాటిన తోటనుండి మరుయేడు కార్శి తోట వచ్చును. నరికిన మొదలే మరల చిగిర్చును. కుటుంబమును గూర్చి చెప్పునపుడు మా ఎరుకలోని పెద్ద లెల్లరును ఈ ఉపమానమునే పట్టుకొందురు. కాని కార్శియు రెండు మూడేండ్లకు బలము తగ్గునని వారికి మనకంటె బాగుగ తెలియును.

2002లో ఆ కర్మాగారపు ఎక్కువ వాటా ప్రైవేటు సంస్థ చేతికి పోయినది. 2015 డిసెంబరులో శక్కర్‌నగరుతోపాటు ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులును మూతపడినవి. కొందరు గడను కామారెడ్డి వైపు మిల్లులకు తోలిరి. పెక్కుమంది వరికి, మక్కకు, సోయాకు మరలిరి. పసుపు రైతులకు మాత్రము 2025 జనవరి 14న, సరిగా సంక్రాంతి నాడే, నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ఏర్పడినది. చెరకు తాతలకు ఆ యూరట లేదు. పంచాంగములో ఒక ఋతువే చెరిగిపోయిన విధమిది. మార్గశిరపు చలి ఇప్పటికిని వచ్చుచున్నది, అది తీపి నెక్కించుటకు పొలములో గడ లేదు. "ఈ చలి ఎవని కోసం?" అని ఆయన అనినచో అది ముసలితనపు విసుగని త్రోసివేయరాదని మా అభిప్రాయము.

ఇంటిలో ఆ ఖాళీని నింపినది గల్ఫు లెక్క. 1970ల తరువాత నిజామాబాదు, ఆర్మూరు, బోధను ప్రాంతములనుండి వేలమంది దుబాయి, మస్కటు వెళ్ళిరి. కొడుకు రెండేండ్లకొకసారి సెలవుపై వచ్చును. వచ్చిన నెలలోనే మనుమరాలికి బాసరలో అక్షరాభ్యాసము, క్రొత్తగదికి గృహప్రవేశము, తల్లి మ్రొక్కు, అన్నియు జరిగిపోవలెను. వసంతపంచమికి అతడు ఉండడు. ముహూర్తములయెడ అంత పట్టుదలగల తాతగారు "పిల్లగాడు ఇంట్లున్న దినమే మంచి దినం" అని తేల్చివేయుదురు. ఇందులో విశ్వాసము సడలినదని కొందరందురు. మాకట్లు తోచదు. అధికమాసము చేర్చి చంద్రుని సూర్యునితో సరిపెట్టిన బుద్ధియే ఇచ్చటను పని చేసినది.

నీటికిని ఇపుడొక క్రొత్త పంచాంగము వచ్చినది. మంజీర విచిత్రమైన నది. బాలాఘాట్ కొండలలో పుట్టి ఆగ్నేయముగా వచ్చి, మెదకు సీమలో ఉత్తరమునకు మరలి, కందకుర్తివద్ద గోదావరిలో కలియును. నిజాంసాగరు మొదట సుమారు 29.7 టీఎంసీల జలాశయము. పూడిక చేరి చేరి, కట్టపై మట్టమును పెంచిన పిదపగూడ నేడది 17.8. ఎగువన సింగూరు కట్టబడి హైదరాబాదు నగరమునకు త్రాగునీ రిచ్చినది. కనుక బోధనులో ఆరుద్ర కురిసినను కాలువలో నీరు వచ్చునన్న హామీ లేదు. గోదావరిపై మహారాష్ట్రలోని బాబ్లీ ఆనకట్ట గేట్లు జూలై 1నుండి అక్టోబరు 28 వరకు ఎత్తియుంచవలెనని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ రెండు తేదీలు ఏ సిద్ధాంతిగారి పంచాంగములోను లేవు. తాతగారి గోడ క్యాలెండరులో మాత్రము మిరుగము ప్రక్కన, కొడుకు సెలవు ప్రక్కన, బొగ్గుతో గుర్తు పెట్టబడియున్నవి.

గురుడు సింహరాశి ప్రవేశించినపుడు వచ్చు గోదావరి పుష్కరములు పండ్రెండేండ్ల కొకసారి కదా! 1967, 1979, 1991, 2003, 2015 పుష్కరములకు కందకుర్తి సంగమమున మునిగినవారు ఈ జిల్లాలో ఎందరో కలరు. రాబోవునది 2027లో. పోవలెనని ఇంటివా రనుకొనుచుండగా తాతగారు మొట్టమొదట అడిగినది తిథి కాదు, తారాబలము కాదు. "అప్పటికి బాబ్లీ గేట్లు ఎత్తుతరా?" అని.