వనితల పడవపందెము

డొంకరాయి బాలబాలికలకు నీరు క్రొత్త కాదు. సీలేరు నదికి కట్టిన ఆనకట్టయు, దాని వెనుక కొండల నడుమ నిలిచిన జలరాశియు వారు నిత్యము చూచునవే. దోనె నడపువాడు తాను పోవు దిక్కునకు ముఖముంచి తెడ్డు వేయుటయు వారెరుగుదురు. అట్టివారికి విశ్వవిద్యాలయముల పందెపు పడవను చూపినచో మొదట నవ్వు వచ్చును. ఏలయనగా, అందు తెడ్లు వేయు ఎనమండుగురును గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చుందురు! త్రోవను చూచునది చుక్కాని పట్టిన తొమ్మిదవ ఆమె యొక్కతెయే. ఆమె తెడ్డు ముట్టదు. జట్టును నోటిమాటతో నడపును.

ఈ పడవ సుమారు 60 అడుగుల పొడవు గలది. వెడల్పు మాత్రము ఒక మనిషి కూర్చుండుటకు చాలునంతయే. కావున అది తనంతట నిలువదు. తెడ్లే దానిని నిలుపును. ఒక్కొక్కరికి ఒక్క తెడ్డు. నలుగురివి కుడిప్రక్కను, నలుగురివి ఎడమప్రక్కను. ఒక్కతె తెడ్డు రెప్పపాటు ఆలస్యముగా మునిగినను పడవ ఒరుగును, మిగిలిన ఏడుగురి శ్రమయు చెడును. బలమంతయు చేతులలో నున్నదని చూచువారనుకొందురు గాని, అధికభాగము కాళ్లలో నున్నది. కూర్చుండు పీటకు చిన్న చక్రములుండును. మోకాళ్లు ముడిచి ముందుకు జరిగి, తెడ్డు నీట దింపి, కాళ్లతో తన్ని వెనుకకు పోవుదురు. తెడ్డు నీటినుండి వెలువడిన పిదప తొందరపడి ముందుకు జరుగరాదు. జరిగినచో వారి శరీరభారమే పడవ వేగమును తగ్గించును. ఆ క్షణము నిదానించుట నేర్చుటయే ఇందు మిక్కిలి కష్టమని నా అభిప్రాయము. తరగతిగదిలోను అంతే.

ఇంగ్లాండు విశ్వవిద్యాలయములలో చదువు శరత్కాలమున ఆరంభమగును. ఆ టర్ములో జరుగు పందెములలో పెక్కింట పడవలు ప్రక్కప్రక్కన సాగవు. ఒకదాని వెనుక నొకటి కొంత యెడముతో బయలుదేరును, గడియారమే తీర్పరి. లెక్కలు వెలువడువరకు గెలుపోటములు తెలియవు. చదువు ముగించి వెడలినవారి స్థానమున చేరిన క్రొత్తవారు ఒక్క లయకు వచ్చిరా లేదా యని చూచుటయే తొలి పందెమున ముఖ్యము. దానినిబట్టి నేర్పువారు స్థానములు మార్చుదురు.

స్త్రీలకు ఈ నీరు సులభముగా దొరకలేదు. ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జిల పురుషుల పందెము 1829లో ఆరంభమాయెను. స్త్రీల తొలి పందెము 1927 మార్చి 15న ఆక్స్‌ఫర్డులో ఐసిస్ నదిపై జరిగెను. అయినను రెండు జట్లను ఒకేసారి పోటీ పడనీయలేదు. వేరువేరుగా తెడ్లు వేయించి, వేగముతోబాటు తీరును గూడ పరీక్షించిరి. పురుషుల పందెమున తీరును ఎవరు చూచిరి? గెలుపు ఆక్స్‌ఫర్డుది. ఆ పందెము నడుమ నిలిచిపోయి, 1964లో తిరిగి ఆరంభమై, 1977లో హెన్లీకి మారెను. లండనులో థేమ్సు నదిపై, పురుషుల పందెము జరుగు దినముననే, వారితో సమానముగా సుమారు 6.8 కిలోమీటర్ల దూరము 2015లో గాని స్త్రీలకు లభింపలేదు. అనగా తొలి పందెము మొదలు 88 ఏండ్లు!

ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు 1976లో మాంట్రియాలునందు ప్రవేశించిరి. పురుషులకు 2000 మీటర్లు, వారికి 1000. ఆ భేదము 1988 సియోల్ క్రీడలలో పోయెను.

మన కొండలకు ఆవలనున్న ఒడిషా యువతులు ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రభా మింజ్ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిరి. వారిది ఇద్దరి పడవ. అందు చుక్కాని పట్టి కూర్చుండువారు లేరు. నడుమనడుమ తల త్రిప్పి, త్రోవను తామే చూచుకొనవలెను.